ఖాళీ డబ్బా

నవంబర్ 3, సోమవారం

ఉదయం ఏడున్నర. నిన్న పాలు స్టవ్ మీద పెట్టి మరిచిపోయాను. గిన్నె మాడి గది నిండా పొగ కమ్మేదాకా తెలియలేదు. మరిచిపోయినందుకు కాదు బాధ. గిన్నె ఎన్నింటికి పెట్టానో, దాని పక్కనే ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేకపోయాను. డెబ్బై ఒక్కేళ్ళలో నాకు ఇలా జరగలేదు. అందుకని ఇవాళ్టి నుంచి రాసుకుంటాను. ఏ పని ఎన్నింటికి చేశాను, ఎవరు ఏమన్నారు. ముప్ఫై ఒక్కేళ్ళు ల్యాబులో రోజుకో పేజీ రాశాను. ఇదీ అలాంటిదే. ఎవరికీ చూపించడానికి కాదు.

అమ్మాయి విషయం ఇందులో రాయను.

వరద వచ్చి యాభై అయిదు రోజులు. వాళ్ళ ఇల్లు మునిగాక నా ఇంట్లో ముగ్గురం: నేను, అల్లుడు, మనవరాలు. రెండు గదులు, మూడో అంతస్తు. అల్లుడు ముందు గదిలో సోఫా మీద పడుకుంటాడు. సోఫా పొడవు అయిదడుగుల నాలుగంగుళాలు. అతను అయిదడుగుల తొమ్మిది. ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

నిద్ర నాలుగు గంటలు. నీళ్ళు అయిదు గ్లాసులు. కన్నీళ్ళు లేవు. డాక్టరు అడిగితే చెప్పడానికి ఉంటుందని రాశాను.

నవంబర్ 4

మరణ ధ్రువపత్రం వచ్చింది. వయసు నలభై ఆరు అని వేశారు. నలభై అయిదేళ్ళ ఏడు నెలలు. సరిచేయించుకు రమ్మని అల్లుడితో చెప్పాను.

"అత్తయ్యా, అయిదు నెలల కోసం మళ్ళీ ఆ క్యూలో నిలబడమంటారా?"

"తప్పు తప్పే కదా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సుమారు ఎనిమిదింటికి వస్తాను," అన్నాడు. ఈ ఇంట్లో 'సుమారు' అనే మాట వాడకూడదని ముప్ఫై ఏళ్ళ నాటి నియమం. అతను గుమ్మం దగ్గర ఆగి, "ఎనిమిదీ పదికి," అని దిద్దుకున్నాడు. ఎనిమిదీ ఇరవైకి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఎక్కడో నాలుగో అంతస్తులో ఒక ముసలాయన ఇరుక్కుపోయాడట.

నవంబర్ 5, బుధవారం

మనవరాలి మట్టి కొలతలు ఇవాళ్టితో అయిపోయాయి. ఎనిమిది డబ్బాలు, డబ్బాకి ఒక రోజు. నేను పనిచేసిన ల్యాబే, నేలమాళిగలో అదే గది. సెప్టెంబర్ 24న వాళ్ళ ఇంటి వెనక ఖాళీ స్థలంలోనే గొట్టం దింపి మట్టి తీసుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ క్రితం నేను తీసిన చోటు కూడా అదే. అప్పుడక్కడ ఇళ్ళు లేవు, గడ్డి మాత్రమే ఉండేది. తల్లి పోయిన పదిహేనో రోజున ఆ పిల్లను అక్కడికి పంపింది నేనే. పని ఆపకు అన్నాను. ఆపలేదు.

పొద్దున టీ తాగుతూ అల్లుడు అడిగాడు: "రోజంతా నేలమాళిగలో మట్టి డబ్బాల్ని చూస్తూ కూర్చుంటావు. అవి ఏమన్నా మాట్లాడతాయా తల్లీ?"

"మాట్లాడతాయి నాన్నా. కాకపోతే చాలా నెమ్మది. వానతో పాటు గాలిలోంచి ఒకరకం సీసం నేల మీద పడుతూ ఉంటుంది. కంటికి కనపడదు. వరద మట్టి వచ్చి దాన్ని కప్పేసిందనుకో, ఇక కొత్తది చేరదు. ఉన్నది తరుగుతుంది. ఇరవై రెండేళ్ళకి సగం అవుతుంది. ఏ లోతులో ఎంత మిగిలిందో చూస్తే ఆ మట్టి ఎప్పుడు పడిందో తెలిసిపోతుంది. ఏడాదికి ఎంత మట్టి పేరుకుంటోందో కూడా."

"ఇరవై రెండేళ్ళా? నీ వయసు."

"అవును. నేను పుట్టినప్పుడు పడింది ఇప్పుడు సగమే ఉంటుంది."

"మరి సీలు వేసి అన్ని రోజులు కూర్చోబెట్టడం దేనికి?"

"మట్టి కూడా సొంతంగా కొంత సీసం తయారుచేస్తుంది. అది తీసెయ్యాలి. దాని లెక్క తేలాలంటే డబ్బా ఇరవై ఒక్క రోజులు కదలకుండా ఉండాలి. అమ్మమ్మ చట్టం అది."

"ఓహో, అందుకా మిమ్మల్ని ల్యాబులో 'ఇరవై ఒకటి' అని పిలిచేవాళ్ళు!" అల్లుడు నావైపు తిరిగాడు. యాభై ఏడు రోజుల్లో మొదటిసారి నవ్వబోయాడు. ఆ పేరు అతనికి ఎవరు చెప్పి ఉంటారో తెలుసు.

"ఇంకో సంగతి ఉంది నాన్నా, మట్టే కాదు, గది గాలి కూడా మెషీన్‌కి వినిపిస్తుంది. అందుకే ముందు ఖాళీ..."

టీ చల్లారిపోతోంది, ముందు తాగమన్నాను.

నవంబర్ 6

పిల్ల లెక్క తేలింది. ఏడాదికి పదిహేను మిల్లీమీటర్లు. నాది ఏడు.

కాగితం నా ముందు పెట్టి నిలబడింది. చిన్నప్పుడు పలక తెచ్చి ఇలాగే నిలబడేది.

"ఎక్కడో తప్పు చేశాను కదా అమ్మమ్మా?"

"మళ్ళీ కొలువు," అన్నాను. "కింది మూడు డబ్బాలు చాలు."

సరైన సలహానే. ఎవరికైనా ఇదే చెబుతాను.

నావి ఒక్కో డబ్బా పూర్తిగా ఇరవై ఒక్క రోజులు ఆగినవి. ఒక్కటి కూడా ముందు తెరవలేదు.

నవంబర్ 9, ఆదివారం

ఉదయం పది నుంచి పదకొండు దాకా అలమర దుమ్ము దులిపాను. నా ల్యాబు పుస్తకాలు ముప్ఫై ఒకటి, ఏడాదికొకటి. ఒకటి నుంచి పదహారు దాకా తుడిచాను. పద్దెనిమిది నుంచి ముప్ఫై ఒకటి దాకా తుడిచాను. చేతులు నొప్పి పుట్టాయి.

ఒక్క డబ్బా కూడా ముందు తెరవలేదు.

నవంబర్ 11, మంగళవారం

మధ్యాహ్నం మూడింటికి పట్టణ ప్రణాళిక ఇంజనీరు వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడే. జుట్టు నెరిసినా నా ఎదుట కుర్చీ అంచు మీదే కూర్చుంటాడు. అమ్మాయి విషయం మాట్లాడబోయాడు. విషయం చెప్పమన్నాను.

"ఇరవై నాలుగో తారీఖున మీటింగు మేడమ్. పదకొండింటికి. మునిగిన కాలనీలో నూట నలభై ఇళ్ళు బాగుచేసుకుని జనం తిరిగి వెళ్తామంటున్నారు. పాత నియమం ప్రకారమే అనుమతి ఇచ్చేద్దామని. అంటే ఇంటి నేల మూడు మెట్ల ఎత్తు."

"నియమం దేన్నిబట్టి పెట్టారు?"

"మీ అంకెని బట్టే మేడమ్! మరిచిపోయారా? అరవై సెంటీమీటర్ల లోతులో ముతక ఇసుక పొర ఉంది కదా, పెద్ద వరద వదిలింది. ఏడాదికి ఏడు మిల్లీమీటర్ల చొప్పున అది ఎనభై అయిదేళ్ళ కిందటిదని మీరే తేల్చారు. అంత అరుదుగా వచ్చే వరదకి మూడు మెట్లు చాలన్నాం. అదే నలభై ఏళ్ళకోసారి వచ్చేదైతే అయిదు మెట్లు వేయించేవాళ్ళం. ఎవరో స్టూడెంట్ కొత్తగా కొలిచి వేరే అంకె చెబుతోందని విన్నాను. మీ కొలత ఉండగా పిల్లల కొలతలు ఎవరికి కావాలి? పాత అంకె సరైనదేనని ఒక్క సంతకం పడేస్తే నాకు సరిపోతుంది."

ఆ స్టూడెంట్ ఎవరో అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

"జనం ఎప్పుడు వెళ్తారు?"

"డిసెంబర్ కల్లా చేరిపోతారు మేడమ్. పాపం, రెండు నెలల నుంచీ స్కూలు గదుల్లో పడుకుంటున్నారు."

కాగితం రెండుసార్లు చదివాను. ఒక చోట కామా తప్పు. దిద్దాను. సంతకం పెట్టాను. 3.25.

ఆ డబ్బాలన్నీ ఇరవై ఒక్క రోజులు ఆగాయి. అది నిజం.

నవంబర్ 12

నిద్ర రెండు గంటలు.

నవంబర్ 13

అల్లుడు సెలవు దొరికినప్పుడల్లా మునిగిన ఆ ఇంటికి వెళ్ళి మట్టి ఎత్తిపోసి వస్తున్నాడు. ఇవాళ వెళ్తుంటే టేపు ఇచ్చి, రెండు కొలతలు తెమ్మన్నాను. వెనక గదిలో గోడ మీద నీటి గీత నేల నుంచి ఎంత ఎత్తుందో. ఇంటి మెట్టు ఒక్కోటి ఎంతో.

"ఎందుకత్తయ్యా?"

"రాసుకోవడానికి."

సాయంత్రం టేపు బల్ల మీద పెట్టాడు. "గీత తొంభై రెండు సెంటీమీటర్లు. మెట్టు పదిహేడు," అన్నాడు. స్నానాల గదిలోకి వెళ్ళి నలభై నిమిషాలు కుళాయి తిప్పి ఉంచాడు. నీళ్ళు వృథా అని అనలేదు.

నవంబర్ 14, శుక్రవారం

లెక్క. ఇంకో రెండు మెట్లుంటే నేల ముప్ఫై నాలుగు సెంటీమీటర్లు పైన ఉండేది. నీళ్ళు తొంభై రెండు బదులు యాభై ఎనిమిది. వెనక గది తలుపు బయటికి తెరుచుకునే రకం. లోపలికి నీళ్ళు పూర్తిగా రాకముందు బయటి నీటి బరువు తలుపును నొక్కి పడుతుంది. ఆ బరువు ఎత్తుతో పాటు కాదు, ఎత్తు వర్గంతో పెరుగుతుంది. తొంభై రెండుని తొంభై రెండుతో హెచ్చవేసి, యాభై ఎనిమిదిని యాభై ఎనిమిదితో హెచ్చవేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాను.

రెండున్నర రెట్లు.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

అమ్మాయి బరువు యాభై ఒక్క కిలోలు.

నవంబర్ 15

పిల్ల మళ్ళీ కొలిచింది. పదిహేనే.

సంచి కూడా దించకుండా గుమ్మంలో కూర్చుంది. చెప్పులు వరసలో పెట్టలేదు.

"ఇది ఫెయిలని రాసెయ్యమంటున్నారు మా సారు. మీ అమ్మమ్మ అంకె పక్కన ఈ అంకె పెడితే నవ్వుతారు అన్నారు. ఇక చాలనుకుంటున్నాను. ఈ పని నాకు రాదేమో అమ్మమ్మా."

"ఎవరన్నారు రాదని?"

"ఎవరూ అనలేదు, నాకే అనిపిస్తోంది. నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇరవై ఒక్క రోజులు ఆపాను. ముందు ఖాళీ డబ్బా పెట్టి మూడు రోజులు కొలిచాను. చివర మళ్ళీ కొలిచాను. అనుమానం వచ్చి మధ్యలో ఇంకోసారి. ఖాళీ డబ్బాని మూడుసార్లు కొలిచినదాన్ని నేనొక్కదాన్నే అని అక్కడ జోకులు. ఇంకెక్కడ తప్పు పోతుంది?"

"అన్నం తిను," అన్నాను.

తినలేదు. నేనూ తినలేదు. గిన్నెలు కడిగి బోర్లించాను. తినకుండానే కడిగానని తర్వాత చూసుకున్నాను.

నవంబర్ 16

ఏమీ లేదు.

నవంబర్ 17, సోమవారం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పదిహేడో పుస్తకం తీశాను. మీది దుమ్ము తుడిచాను. మే 13 పేజీ తెరిచాను. ఏముందో తెలియక కాదు తెరిచింది.

నా చేతిరాత. నీలం సిరా.

"కింది పన్నెండు డబ్బాల కొలత పూర్తి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగి పన్నెండు రోజులు. ఖాళీ డబ్బాకి పోయిన నెల విలువ వాడాను. మళ్ళీ కొలవాలి."

ఫ్యాన్ ఆగితే ఆ నేలమాళిగలో భూమిలోంచి వచ్చే రేడాన్ గాలి పోగవుతుంది. యంత్రం దాన్ని కూడా మట్టిదేననుకుని లెక్క వేస్తుంది. ఖాళీ డబ్బా పెట్టి మూడు రోజులు కొలిస్తే గది గొడవ ఎంతో తెలిసేది, తీసేసేదాన్ని. తీసెయ్యలేదు. లోతు మట్టి సొంతంగా చేసుకున్న సీసం ఎక్కువగానూ, పైనుంచి వచ్చిపడిన సీసం తక్కువగానూ కనిపించింది. అందుకని కింద మట్టి ఉన్నదానికంటే ముసలిదిగా తేలింది. పదిహేను, ఏడైంది.

మూడు రోజుల పని. ఆ రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. నొప్పులు మొదలయ్యాయి, అమ్మా త్వరగా రా అంది. డాక్టరు చెప్పిన తేదీకి పదహారు రోజుల ముందు. లెక్క ముగించి, పేజీ మూసి, బస్సెక్కాను. నలభై రెండు రోజుల తర్వాత తిరిగి వచ్చేసరికి నివేదిక అచ్చయిపోయింది.

పుస్తకంలో దాచలేదు. ఎవరూ తెరిచి చూడలేదు. ఇన్నేళ్ళూ ఈ రెండు వాక్యాలు నాకు నేను చెప్పుకున్నాను. రెండూ నిజమే. మళ్ళీ కొలవకపోవడం కూడా నిజమే.

ఇంకొకటి రాయాలి. తొమ్మిదేళ్ళ క్రితం ఆ ఇల్లు కొనబోతూ అమ్మాయి ఫోను చేసింది. "మూడు మెట్లేనటమ్మా. చాలా?" అని అడిగింది. "చాలు, నేనే కొలిచాను," అన్నాను.

అమ్మాయి విషయం రాయనన్నాను. రాశాను.

నవంబర్ 18, మంగళవారం

టీ అయ్యాక పుస్తకం తెచ్చి పిల్ల ముందు పెట్టాను. ఆ పేజీకి పాత బస్సు టికెట్టు గుర్తుగా పెట్టాను. అది కూడా అందులోనే ఉంది, ఇరవై రెండేళ్ళ నుంచి.

పిల్ల చదివింది. మళ్ళీ చదివింది. దాని పెదాలు కదులుతున్నాయి.

"నువ్వు... ఖాళీ డబ్బా కొలవలేదా?"

"లేదు."

"నువ్వా?"

"నేనే. నీ అంకె సరైనది. ఏ అంకె పక్కనైనా పెట్టుకో."

దాని ముఖం ఒక్క క్షణం వెలిగింది. నాకు తెలుసు ఆ వెలుగు, తొలిసారి లెక్క కుదిరినప్పుడు వస్తుంది. తర్వాత పేజీ పైన తేదీ చూసింది.

"మే పదమూడు. నేను పుట్టింది పద్నాలుగు కదా."

"అవును."

"నా కోసమా?"

"మీ అమ్మ కోసం," అన్నాను. "తను పిలిచింది."

అల్లుడు కప్పు పట్టుకునే ఉన్నాడు. "నాకు అర్థమయ్యేలా ఎవరన్నా చెప్పండి," అన్నాడు. చెప్పాను. ఇంజనీరు చెప్పినట్టే: ఎనభై అయిదేళ్ళు, నలభై ఏళ్ళు, మూడు మెట్లు, అయిదు మెట్లు. పోయిన మంగళవారం పెట్టిన సంతకం గురించి కూడా. ఏదీ వదల్లేదు.

అతను కప్పు కింద పెట్టాడు.

"అయిదు మెట్లుంటే తను బయటికి వచ్చేదా అత్తయ్యా?"

"తెలియదు."

"మీకు తెలియనిది ఉండదు కదా. టేపిచ్చి పంపారు నన్ను. చెప్పండి."

"తలుపు మీద బరువు రెండున్నర రెట్లు తక్కువగా ఉండేది. అది లెక్క. వచ్చేదా లేదా అన్నది తెలియదు. అది నిజం."

"సుమారుగా కూడా చెప్పలేరా?"

అతను కప్పు కడిగి బోర్లించాడు. బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టుకోవడానికి మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది. తలుపు మెల్లగా మూసి వెళ్ళిపోయాడు. గట్టిగా వేసినా బాగుండేది.

8.15.

నవంబర్ 19

అల్లుడు రాలేదు. తమ్ముడి ఇంట్లో ఉన్నానని పిల్లకి మెసేజ్ పెట్టాడు.

సోఫా మీద దుప్పటి మడత పెట్టాను. ఇంకోసారి విప్పి మడత పెట్టాను.

నవంబర్ 20, గురువారం

పది గంటలకు ఇంజనీరుకి ఫోను చేశాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

"మేడమ్, తమాషా చేస్తున్నారా?"

"నేనెప్పుడైనా తమాషా చేశానా?"

"లేదు మేడమ్. ఇప్పుడు అయిదు మెట్లంటే నేల లేపాలి, గోడలు కదపాలి. ఆరు నెలలు పడుతుంది. జనం నన్ను బతకనివ్వరు. ఇరవై రెండేళ్ళకి గుర్తొచ్చిందా అని మిమ్మల్నీ నానా మాటలు అంటారు. పేపర్లో వేస్తారు. మీకు ఈ వయసులో అవసరమా? మీరు ఊరుకుంటే ఎవరికీ తెలియదు మేడమ్."

"ఆ స్టూడెంట్ పేరు అడగలేదే నువ్వు? ఆ పదిహేను చెప్పిన పిల్ల నా మనవరాలు. ఆ కాలనీలోనే, ఇంటి వెనక గదిలో పోయింది దాని తల్లి. మీటింగులో పదకొండింటికి నేను మాట్లాడతాను. మొదటి అంశంగా పెట్టు."

ఫోను పెట్టేశాక పిల్ల వంటగది గుమ్మంలో కనిపించింది. రెండు రోజుల నుంచి నాతో మాట్లాడటం లేదు. వచ్చి నా ముందున్న గ్లాసులో నీళ్ళు పోసి వెళ్ళింది.

తాగాను. ఇవాళ్టికి ఆరు గ్లాసులు.

నవంబర్ 21, శుక్రవారం

సాయంత్రం అయిదున్నరకు అల్లుడు వచ్చాడు. బూట్లు విప్పి వరసలో పెట్టాడు. చేతిలో కవరు. సరిచేసిన ధ్రువపత్రం. నలభై అయిదేళ్ళ ఏడు నెలలు. మూడు గంటలు క్యూలో నిలబడ్డాడట.

"తప్పు తప్పే అన్నారుగా," అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. గోడకేసి చూస్తూ అడిగాడు: "సోమవారం మీటింగు ఏ ఆఫీసులో?"

చెప్పాను.

"అయిదో అంతస్తు. అక్కడ లిఫ్టు పాడైంది. బాగుచెయ్యాల్సింది నేనే, సామాను సోమవారానికి రాదు. మీ మోకాళ్ళతో అయిదు అంతస్తులు ఎక్కలేరు. నేను పక్కన ఉంటాను. మిమ్మల్ని క్షమించానని కాదత్తయ్యా."

"తెలుసు."

"క్షమించలేదని కూడా కాదు. నాకే తెలియడం లేదు."

"తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి," అన్నాను. నా గొంతు నాకే ల్యాబు గొంతులా వినిపించింది. పిల్ల లోపలి గదిలోంచి అంది: "అమ్మమ్మా, ఆ పాత పన్నెండు డబ్బాలు ఇంకా స్టోరు గదిలోనే ఉన్నాయి. ఇవాళ చూశాను. సీలు చెక్కుచెదరలేదు."

ఇరవై రెండేళ్ళు. అందులో సీసం సగమైపోయి ఉంటుంది. సగం చాలు.

ఇక జరగాల్సినవి:

1. సోమవారం ఉదయం ఎనిమిదింటికి బయలుదేరాలి. పదిహేడో పుస్తకం నేనే మోయాలి.

2. మీటింగులో తప్పు ముందు చెప్పాలి, కారణం తర్వాత. కారణం అడిగితేనే చెప్పాలి.

3. అయిదు మెట్లు. నూట నలభై ఇళ్ళకీ. స్కూలు గదుల్లో పడుకుంటున్న వాళ్ళు ఏమన్నా నిలబడి వినాలి, మధ్యలో దిద్దకూడదు.

4. పిల్ల అంకె పిల్ల పేరు మీదే నమోదు కావాలి.

5. అల్లుడికి పొడవైన మంచం.

6. మీటింగు అయ్యాక నేలమాళిగకు వెళ్ళాలి. పిల్ల ఒప్పుకుంటే దానితో. ఫ్యాన్ తిరుగుతోందో లేదో ముందు చూడాలి. పాత పన్నెండు డబ్బాలు వరసలో పెట్టాలి.

7. వాటికంటే ముందు ఖాళీ డబ్బా కొలవాలి. మూడు రోజులు పూర్తిగా. ఈసారి ఎవరూ పిలవరు.